కాళ్లకు దండం పెడితే ఏమనాలి?

ముప్పై అయిదో నలభయ్యో దాటినాక ఉన్నట్టుండి మనమే పెద్దోళ్లం అయిపోతాం, ఎవరూ ముందుగా చెప్పరు. ఏ గృహప్రవేశంలోనో అన్న కొడుకు కొత్త పెండ్లాన్ని వెంటబెట్టుకుని వచ్చి, "చిన్నాయనా, దీవించు" అని ఇద్దరూ ఒకేసారి వంగుతారు. అప్పుడు చాలామంది చేసేది ఏందంటే రెండడుగులు వెనక్కి జరిగి "అయ్యయ్యో, ఎందుకమ్మా ఇవన్నీ, లేయండి లేయండి" అనడం. ఇంకొందరు "ఆ ఆ, సరే సరే" అంటారు, గ్యాస్ బండ వచ్చిందని చెప్పినప్పుడు అన్నట్టు. పిల్లలు వంగింది ఒక మాట కోసం. ఆ మాట మాత్రం రాదు.

దీవెనలు మనకు తెలియక కాదు. జేజి (నాయనమ్మ) నోటి వెంట, అవ్వ నోటి వెంట రోజూ విని పెరిగినవే. సిగ్గుపడో, సంస్కృతంలోనే అనాలేమో అనుకునో, తప్పు పోతే పక్కనోళ్లు నవ్వుతారన్న టెన్షన్‌తోనో మింగేస్తున్నాం. అందుకని మా కడప, అనంతపురం, కర్నూలు ఇళ్లల్లో నడిచే తీరులో, ఎవరికి ఏమనాలి, ఏమనకూడదు, చెయ్యి ఎక్కడ పెట్టాలి, రాసేటప్పుడు ఎట్లా రాయాలి, నాకు తెలిసినంత రాస్తున్నా. మీ ఇంట్లో వేరే మాట ఉంటే అదే వాడండి. ఇంటి మాటకు ఉండే బరువు నేర్చుకున్న మాటకు రాదు.

ముందు ఒక్క మాట సిద్ధంగా పెట్టుకోండి

"చల్లగా ఉండు." ఇంతే. ఇద్దరైతే "చల్లగా ఉండండి", మరీ దగ్గరోళ్లైతే "సల్లగుండు నాయనా", "సల్లగుండు తల్లీ". పెళ్లైనోళ్లు, కానోళ్లు, చదువుకునే పిల్లలు, ఉద్యోగం పోయి ఇంట్లో కూర్చున్నోళ్లు, ఎవరికైనా అతుకుతుంది. బిడ్డలు కనాలనో, ఫస్టు ర్యాంకు తేవాలనో ఇందులో ఏ షరతూ లేదు. ఇది ఒక్కటి నోటికి వస్తే మిగతాది చదవకపోయినా పని జరిగిపోతుంది.

మే నెలలో 42, 43 డిగ్రీల ఎండలో కడప బస్టాండులో కాసేపు నిలబడితే ఈ మాట మన పక్క ఇంతగా ఎందుకు నాటుకుందో ఇంకొకరు చెప్పాల్సిన పని ఉండదు. అనంతపురం జిల్లాలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల దరిదాపు వాన పడుతుంది, అది కూడా శనక్కాయ పైరుకు కావాల్సిన వారంలోనే పడుతుందన్న నమ్మకం లేదు. అట్లాంటి నేల మీద చలువ అంటే నీళ్లు, నీడ, కడుపు నిండా తిండి, అప్పులోడు గడప తొక్కకుండా ఉండడం, అన్నీ కలిపి. అందుకే ఇక్కడి దీవెనలు ఎక్కువగా చలువ చుట్టూ, పచ్చదనం చుట్టూ, పంట చుట్టూ తిరుగుతాయి. అన్నం పెట్టిన తల్లిని "నీ కడుపు సల్లగుండ" అంటారు, సూది నొప్పి తెలియకుండా వేసిన నర్సమ్మను "నీ చెయ్యి సల్లగుండ" అంటారు, కొత్త కాపురాన్ని "పది కాలాలు పచ్చగుండండి" అంటారు. మంచి కబురు మోసుకొచ్చినోడికి "నీ పంట పండ!"

ఇక చేతి సంగతి. వంగినప్పుడు కుడిచెయ్యి తల మీద తేలిగ్గా ఆనించి మాట అనండి, అన్నాక భుజం పట్టి లేపండి. మాట ముందు, లేపడం తర్వాత. చాలామంది తిరగేసి చేస్తారు, వంగీ వంగకముందే రెక్క పట్టి లేపేస్తారు, దాంతో మాట గాల్లో కలిసిపోతుంది. భోజనాల బంతిలో కూర్చుని ఎంగిలి చేత్తో ఉంటే తల ముట్టే పని లేదు, నోటి మాట చాలు. మంచం మీద పడుకుని ఉంటే మాత్రం లేచి కూర్చోండి. పడుకున్న మనిషి కాళ్లకు దండం పెట్టడం మన ఇళ్లల్లో ఒప్పుకోరు, అది పోయినోళ్లకు చేసేది.

సంస్కృతంలో అనాలని ఉంటే

అనండి, కానీ రెండు సంగతులు తెలుసుకుని అనండి. "భవ" అంటే "అవు", ఎదురుగా ఉన్న మనిషితో నేరుగా అనేది. "అస్తు" అంటే "కలగాలి", ఫలానాది జరగాలి అని. "భవ" వాడితే దాని ముందు మాట మగవాళ్లకు ఒక రకం, ఆడవాళ్లకు ఒక రకం. అబ్బాయిని "దీర్ఘాయుష్మాన్ భవ" అంటారు, అమ్మాయిని "ఆయుష్మతీ భవ" అనాలి. అలవాటు కొద్దీ ఆడపిల్లను కూడా "ఆయుష్మాన్" అనేస్తుంటారు, ఆ పిల్ల ఏమీ అనుకోదు గానీ పక్కనున్న అయ్యవారు గొంతు సవరించుకుంటాడు. "అస్తు"తో ఈ తంటా లేదు. శుభమస్తు, కళ్యాణమస్తు, విద్యాప్రాప్తిరస్తు, ఇష్టకామ్యార్థ సిద్ధిరస్తు, ఎవరికైనా ఒకటే. వ్యాకరణం మీద అనుమానం ఉన్నోళ్లు "అస్తు" పక్కన ఉండిపోవడం మంచిది.

"విజయీభవ", "సుఖీభవ" కూడా లెక్కప్రకారం మగవాళ్లకు అనేవే, కానీ తెలుగులో అవి అందరివీ అయిపోయాయి. పరీక్షకు పోయే కూతురిని "విజయీభవ" అంటే తప్పు పట్టేవాళ్లు ఎవరూ లేరు, పట్టినా వాళ్లతో వాదన పెట్టుకోకండి.

పెళ్లిలో, షష్టిపూర్తిలో పురోహితుడు చెప్పే "శతమానం భవతి" వేదంలోది. దాన్ని మనం నూరేళ్లు బతకమనే లెక్కగానే వింటాం. తర్వాత వచ్చే ముక్కలు కూడా వినండి, "శతాయుః పురుషః శతేంద్రియః" అని ఉంటుంది, అంటే ఆయుస్సు ఒక్కటే కాదు, కళ్లు, చెవులు, కాళ్లు చేతుల బలం కూడా నూరంతలుగా నిలబడాలి అని. మోకాళ్లు అరిగి మెట్టు ఎక్కలేని నూరేళ్లు ఎవరికి కావాలి చెప్పండి. ఆ దీవెన రాసిన కాలానికే ఈ సంగతి తెలుసు.

దీవెనా తిట్టూ ఒకే అచ్చు

ఇది నాకు భలే ఇష్టమైన సంగతి. పదో తరగతిలో ఆశీరర్థక వాక్యం అని చదువుకున్నాం కదా, "నూరేళ్లు వర్ధిల్లు" అని ఒక ఉదాహరణ రాసి మార్కులు తెచ్చుకుని మరిచిపోయాం. కానీ ఇంట్లో జేజి వాడే ఆశీరర్థకం ఇంకొకటి ఉంది, చివర్లో ఒక్క అకారంతో తెగిపోయేది: సల్లగుండ, పంట పండ, చక్కెర పొయ్య. అదే అచ్చులో తిట్లు కూడా పోస్తారు: నీ నోరు పడ, నీ దుంప తెగ, నీ నోట్లో మన్ను పొయ్య. "నీ ఇల్లు బంగారం గాను" ఒక పక్క, "నీ ఇల్లు పాడుగాను" ఇంకో పక్క. మన్ను తీసి చక్కెర పెడితే తిట్టు దీవెన అయిపోతుంది.

అందుకే ఈ మాటల్లో గొంతు చూసుకోవాలి. "నీ ఇల్లు బంగారం గాను, పాలు పొంగించినావు కదే!" అన్నప్పుడు అది దీవెన కాదని చిన్నపిల్లకు కూడా తెలుసు. జేజి మనవణ్ణి "నీ దుంప తెగ, ఎంత ఎత్తు పెరిగినావురా" అన్నప్పుడు అది తిట్టు కాదనీ తెలుసు. ఈ రెండో రకం బయటివాళ్ల మీద ప్రయోగించకండి. మీ ఇంటి కోడలు వేరే జిల్లా నుంచి వచ్చి ఉంటే మొదటి ఏడాది ఇంకా జాగ్రత్త, ముద్దుగా అన్న "దుంప తెగ" ఆమె పుట్టింటికి ఫోన్లో వేరేగా చేరుతుంది.

ఎవరికి ఏం అనకూడదు

ఇక్కడ కాస్త ఆగుదాం, ఎందుకంటే దీవెన పేరుతో మనం పొడిచే పోట్లు తక్కువేం కాదు.

పెళ్లై ఆరేళ్లైనా పిల్లలు లేని జంట ఆస్పత్రుల చుట్టూ తిరుగుతుంటారు, ఎవరికీ చెప్పుకోరు. వాళ్లు వంగగానే నలుగురిలో "సుపుత్ర ప్రాప్తిరస్తు, వచ్చే ఉగాదికి మనవణ్ణి ఎత్తుకోవాలి" అంటాడు పెద్దనాయన, ఆయన మనసులో ఏ పాపం లేదు, పాపం. ఆ పిల్ల మొహం మాత్రం కిందికి దిగిపోతుంది, లేచినాక కూడా పైకి చూడదు. వాళ్లకు "ఇద్దరూ చల్లగా ఉండండి, అనుకున్నవన్నీ జరగాలి" చాలు. వాళ్లు ఏమనుకుంటున్నారో వాళ్లకు తెలుసు, మీరు పేరు పెట్టి చెప్పే పని లేదు. "ఇష్టకామ్యార్థ సిద్ధిరస్తు" అన్నా ఇదే, అందుకే ఆ మాట అంత పనికొస్తుంది.

ఆడపిల్ల డిగ్రీ చదువుతోంది, గ్రూప్స్‌కు చదువుతోంది, వంగితే "శీఘ్రమేవ కళ్యాణ ప్రాప్తిరస్తు" అంటారు. ఆ పిల్ల అడిగిందా? అడగలేదు. "అనుకున్న ఉద్యోగం రావాలి తల్లీ" అంటే ఆ పిల్ల మొహం ఎట్లా వెలుగుతుందో చూడండి. సుపుత్ర అన్న మాట కూడా నాకు నచ్చదు, ఆడపిల్ల పుడితే దీవెన తప్పినట్టా? "పిల్లాపాపలతో" అనండి, ఆ మాటలో ఇద్దరూ ఉన్నారు.

"ఈసారైనా పాస్ అవ్వు", "ఇకనైనా తాగుడు మానేసి బాగుపడు", "మీ అన్న మాదిరి పైకి రా". ఇవి దీవెనలు కావు, తల మీద చెయ్యి పెట్టి వేసిన మొట్టికాయలు. బుద్ధి చెప్పాలంటే తర్వాత పక్కకు పిలిచి చెప్పండి. వంగిన మనిషికి తిరిగి మాట అనే వీలు ఉండదు, ఆ అదను చూసి అనడం మంచి పద్ధతి కాదు.

తొంభై రెండేళ్ల అబ్బ (తాత) కాళ్లకు దండం పెట్టి "నూరేళ్లు ఉండాలబ్బా" అంటే ఆయనకు ఎనిమిదేళ్లే ఇచ్చినట్టు. ఆ వయసు వాళ్లకు "మా మధ్య ఆరోగ్యంగా తిరుగుతుండాల" అనడం మేలు. చిన్నోళ్లు పెద్దోళ్లను దీవించరు, కోరుకుంటారు, కాబట్టి "ఉండు" అని కాకుండా "ఉండాల", "మీరు చల్లగా ఉంటేనే మేము" అని వస్తుంది. మంచాన పడి ఉన్నవాళ్ల దగ్గర ఆయుస్సు ఊసే వద్దు, "రాత్రి బాగా నిద్ర పట్టాల, నొప్పి తగ్గాల" అని ఆ రోజుకు కావాల్సింది అనండి.

భర్త పోయిన ఆడమనిషి వంగితే చాలామందికి నోరు పెగలదు, ఎందుకంటే అలవాటైన "దీర్ఘసుమంగళీభవ" అక్కడ ఆగిపోతుంది, వేరే మాట సిద్ధంగా ఉండదు. "చల్లగా ఉండమ్మా, పిల్లలు వృద్ధిలోకి రావాల, నీకు ఏ లోటూ రాకూడదు." తడబడకుండా, అందరితో అన్న గొంతుతోనే అనండి, జాలి కలపకండి. ఇంకో సంగతి, ఆమె దగ్గర దీవెన తీసుకోవడం. ఫంక్షన్ హాల్లో చూస్తుంటాం, పెళ్లికొడుకును చిన్నప్పుడు ఎత్తుకుని పెంచిన మేనత్త, అక్షింతలు పిడికిట్లో పట్టుకుని స్తంభం పక్కన నిలబడి అక్కడి నుంచే రాలుస్తుంది, ముత్తైదువలు పిలిస్తే గానీ ముందుకు రాదు, వాళ్లు పిలవరు. ఈ ఆచారం నాకు ఏనాడూ మింగుడు పడలేదు. మీ చేతిలో పని ఉంటే పెళ్లికొడుకుతో ముందే చెప్పి పెట్టండి, వాడే దిగి వెళ్లి ఆమె కాళ్లకు దండం పెడితే ఎవరూ ఏమీ అనలేరు.

అక్షింతలు

అక్షతలు అంటే విరగనివి, కాబట్టి నూకలు ఏరేసి మంచి బియ్యం తీసుకోవాలి. పెద్ద పళ్లెంలో బియ్యం పోసి, పసుపు చల్లి, రెండు చుక్కల నెయ్యి వేసి అరచేత్తో రుద్దాలి, గింజ గింజకూ పసుపు పట్టేదాకా. నెయ్యి లేకపోతే నీళ్లు చిలకరించవచ్చు, కానీ నీళ్లు ఎక్కువైతే ముద్ద కట్టి పెళ్లికూతురి జడకు పిండి మాదిరి అంటుకుంటాయి, బ్యూటీషియన్ ఏడుపు మొహం పెడుతుంది. కలిపినాక కాసేపు ఆరనిస్తే పొడిగా రాలుతాయి.

ఎప్పుడు వేయాలి అన్న దగ్గర తికమక ఉంది. తాళి కట్టేటప్పుడు మేళగాళ్లు గట్టిమేళం అందుకుంటారు, హాలంతా లేస్తుంది, అక్షింతలు వాన మాదిరి పడతాయి. కానీ అసలు సుముహూర్తం జీలకర్ర బెల్లం, ఒకరి తల మీద ఒకరు పెట్టుకునే గడియ. ఆ గడియకు మనం టిఫిన్ల దగ్గర ఉంటాం, ఉగ్గాని బజ్జీ అయినాక వస్తాం. కుదిరితే జీలకర్ర బెల్లం వేళకే ముందు వరసకు చేరండి. పదో వరస నుంచి విసిరితే అవి మధ్యలో కూర్చున్నోళ్ల నెత్తిన పడతాయి, కొన్ని గురిచూసి కొట్టినట్టు ఉంటాయి, కెమెరా వాణ్ణి అడగండి చెబుతాడు. స్టేజీ ఎక్కే వీలుంటే ఎక్కి, చిటికెడు తీసుకుని, తల మీద పైనుంచి రాల్చి, పేరు పెట్టి ఒక మాట అని దిగేయండి. వెనక వరస ఉంటుంది కాబట్టి చిన్న మాటే: "నిండు నూరేళ్లు కలిసి మెలిసి ఉండండి."

ఆఫీసులో సారు అక్షింతలు వేసినాడు అంటే తిట్టినాడని అర్థం, అది వేరే శాఖ.

నోటి మాట లేని దీవెనలు కూడా మన జిల్లాల్లో బాగా ఉన్నాయి. దేవుని కడప వెంకటేశ్వరస్వామి గుడిలో అర్చకులు తల మీద శఠగోపం పెడతారు, దాని మీద ఉండేవి స్వామి పాదాలు, అంటే ఆ పాదాల కింద తల పెట్టినట్టే. ఉగాది నాడు అదే గుడికి కడప ముస్లింలు వస్తారు, స్వామి దేవేరి బీబీ నాంచారమ్మ తమ ఇంటి ఆడబిడ్డ అన్న వరసతో, వాళ్ల తల మీద కూడా అదే శఠగోపం. మళ్లీ కడప పెద్ద దర్గాకు పోయే హిందువులు తక్కువా? దర్గాల్లో నెమలీకల కట్ట తల మీద ఆనిస్తారు. రెండు చోట్లా చేయాల్సింది ఒకటే, తల వంచి కళ్లు మూసుకుని నిలబడడం, సెల్ఫీ తర్వాత. తుంగభద్ర ఒడ్డున మంత్రాలయంలో ఫలమంత్రాక్షతలు ఇస్తారు. రాఘవేంద్రస్వామి బృందావన ప్రవేశం చేసింది 1671లో, ఇన్నేళ్లైనా కర్నూలు పక్క కొత్త అంగడి పెట్టేవాళ్లు ఆ అక్షతలు తెచ్చి గల్లాపెట్టెలో వేసుకుంటారు. అట్లాంటివి తెచ్చినప్పుడు ఇంట్లో పెద్దవాళ్ల చేతికిచ్చి పిల్లల తల మీద వేయించండి, పర్సులో పొట్లం కట్టి మరిచిపోకుండా.

పసిబిడ్డలకు

బాలింత ఇంట్లో నీళ్లు పోసే అవ్వను ఒకసారి దగ్గర కూర్చుని చూడండి. పీట మీద కూర్చుని కాళ్లు చాపుకుని, బిడ్డను కాళ్ల మీద బోర్లా పడుకోబెట్టి, నూనె పట్టించి, శనగపిండితో నలిచి, గోరువెచ్చని నీళ్లు వీపు మీద ధారగా పోస్తుంది. బిడ్డ ఎర్రగా అయి ఏడుస్తుంటుంది, అవ్వ పట్టించుకోదు. అంతా అయినాక చివరి చెంబు నీళ్లు తల చుట్టూ తిప్పి, "శ్రీరామరక్ష, నూరేళ్లాయుస్సు" అంటూ పోసి తుండుగుడ్డలో చుడుతుంది. ఆ మాట అనకుండా చెంబు కింద పెట్టదు. బిడ్డకు మీరే నీళ్లు పోసుకుంటున్నట్టైతే, బెంగళూరు ఫ్లాట్‌లో టబ్బులో అయినా సరే, చివరి మగ్గు దగ్గర ఆ రెండు ముక్కలూ అనండి. ఏం ఖర్చు లేదు.

పాలు తాగినాక పొట్ట నిమురుతూ "జీర్ణం జీర్ణం వాతాపి జీర్ణం" అంటారు, అగస్త్యుడు వాతాపి అనే రాక్షసుణ్ణే అరిగించుకున్నాడు, నీకు ఈ పాలు ఒక లెక్కా అని. తుమ్మితే "చిరంజీవ". బిడ్డ ముద్దుగా ఉందని ఊరికే పొగిడేయడం తల్లులకు నచ్చదు, దిష్టి అంటారు. పొగిడితే వెంటనే ఒక దీవెన తగిలించండి, "చక్కగుంది బిడ్డ, నూరేళ్లు" అని. మా పక్క ముస్లిం ఇళ్లల్లో ఇదే జాగాలో "మాషా అల్లా" అంటారు.

గడప దాటేటప్పుడు

పోయేవాళ్లు "పోతా" అనరు, "పోయొస్తా" అంటారు. ఉన్నోళ్లు "పో" అనరు, "పోయి రా" అంటారు. యాడికి అని వెనక నుంచి అడగకూడదు, తెలుసుకోవాలంటే "ఎంత దూరం?" అనాలి. కడప, రాజంపేట, రాయచోటి పక్కల నుంచి కువైట్ పోయేవాళ్లు ఎక్కువ, రెండేళ్లకో మూడేళ్లకో గానీ తిరిగి రారు, కాబట్టి ఆ ఇళ్లల్లో ఈ మాట తేలిగ్గా అనేది కాదు. "క్షేమంగా పోయి లాభంగా రా" అన్నది అందరూ అనేదే, లారీల వెనక కూడా రాసి ఉంటుంది. "మంచిగ పోయి మంచిగ రా" అన్నా చాలు. ఏడుస్తూ మాత్రం అనకండి, ఏడుపు ఆటో మలుపు తిరిగినాక.

పైన తథాస్తు దేవతలు ఉంటారని పెద్దోళ్లు చెడు మాట నోట రానియ్యరు. బియ్యం అయిపోయినాయి అనరు, నిండుకున్నాయి అంటారు, దీపం కొండెక్కింది అంటారు. మీరు నమ్మినా నమ్మకపోయినా, బండి తీస్తున్న పిల్లోడితో "యాక్సిడెంటు చేసుకోవద్దురా" అనేదాని బదులు "నిదానంగా పోయి రా నాయనా" అంటే వాడి చెవిలో పడేది రెండోదే కదా.

ఒకరి గురించి మాట్లాడుకుంటుండగానే వాళ్లు వస్తే "నీకు నూరేళ్లాయుస్సు, ఇప్పుడే అనుకుంటున్నాం" అనండి. ఇంతసేపూ ఏం అనుకున్నారో మాత్రం చెప్పకండి.

వేరే మతం వాళ్లతో

మూడు జిల్లాల్లోనూ ఉర్దూ ఇళ్లు మన వీధిలోనే ఉంటాయి, చర్చీలూ అంతే. ముస్లిం పిల్లలు పెద్దోళ్లకు సలాం చేస్తారు, కాళ్లకు దండం పెట్టరు, పెట్టమని ఆశించకండి. వాళ్ల పెద్దోళ్లు "జీతే రహో బేటా", "ఖుష్ రహో" అంటారు, అదీ మన "సల్లగుండు" ఇంటి చుట్టమే. పరీక్షకు పోయే ముందు పక్కింటి చాచా దగ్గర "దువా చెయ్యి చాచా" అని అడిగి పోయే హిందూ పిల్లలు మన ఊళ్లల్లో ఎందరో. క్రైస్తవుల ఇంట్లో "వందనాలు" అని పలకరించి, "దేవుడు మిమ్మల్ని దీవించును గాక" అంటారు. ఆ ఇంటి పిల్లలను "శ్రీరామరక్ష" అనడం కన్నా "దేవుడు చల్లగా చూడాల" అనండి, దేవుడు ఎవరో వాళ్లే చూసుకుంటారు. మనం తథాస్తు అన్నచోట ముస్లింలు ఆమీన్, క్రైస్తవులు ఆమేన్ అంటారు.

దీవెన తీసుకునేటప్పుడు, రాసేటప్పుడు

తీసుకునేవాళ్లు "థాంక్యూ అంకుల్" అనడం వింతగా ఉంటుంది. "మీ నోటి చలువ", "మీ మాట ఫలించాల" అనవచ్చు, ఏమీ అనకుండా నవ్వి నిలబడినా తప్పు లేదు. "నీకు ఈసారి ఉద్యోగం గ్యారంటీ" అని ఎవరైనా అంటే దానికి జవాబు "నీ నోట్లో చక్కెర పొయ్య", కాకపోతే అది చనువున్నోళ్లతోనే.

పెళ్లి పత్రికలో వరుడి పేరు ముందు "చి.", వధువు పేరు ముందు "చి.ల.సౌ." ఉంటాయి, చిరంజీవి, చిరంజీవి లక్ష్మీ సౌభాగ్యవతి అని. అంటే పత్రిక అచ్చు వేయించినోళ్లు పేరుతో పాటే దీవించేశారు. చదివింపుల కవరు మీద మన పేరు ఒక్కటే రాసి 116, 516, 1,116 పెట్టి ఇచ్చేస్తాం, లెక్క రాసుకునేవాళ్లకు అది చాలు గానీ, పేరు పైన ఒక లైను రాయండి, "కలకాలం పచ్చగా ఉండండి" అని. అంగడి తెరిచినోళ్లకైతే "మూడు పువ్వులు ఆరు కాయలుగా సాగాలి".

వాట్సాప్‌లో పొద్దున్నే గులాబీల మీద మెరిసే అక్షరాలతో "గాడ్ బ్లెస్ యూ" పంపించేవాళ్లకు నేను చెప్పేది ఒకటే, ఆ బొమ్మ అందరికీ పోతుందని అందుకున్నోళ్లకు తెలుసు. పేరు రాయండి, వాళ్ల సంగతి ఒకటి రాయండి, తర్వాత దీవెన. "పాపా, కొత్త ఊరు, హాస్టలు తిండి, మొదటి నెల కష్టంగానే ఉంటుంది. ఆరోగ్యం చూసుకో. నీ చదువు చల్లగా సాగాల. చిన్నాయన." ఇంత టైపు చేసే ఓపిక లేకపోతే ఫోన్ చేసి అనేయండి, అది ఇంకా తొందరగా అయిపోతుంది.